విమానంలో వైఫై ఉందని మీటింగులు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

విమానాల్లోకి ఇంటర్నెట్ వచ్చేసింది కాబట్టి ఇకమీదట ప్రయాణ సమయం కూడా పని సమయమేనన్న మాట ఈ మధ్య ఐటీ ఉద్యోగుల మధ్యా, వాళ్ల మేనేజర్ల మధ్యా తరచూ వినిపిస్తున్నది. తిరుపతిలో ఇంటి నుంచే పనిచేస్తూ, హైదరాబాదులోని ఆఫీసుకూ, అప్పుడప్పుడు విదేశాల్లోని క్లయింట్ల దగ్గరకూ వెళ్లి రావలసిన ఉద్యోగినిగా, ఒక చిన్న బృందానికి పనులు పంచే బాధ్యత కూడా నెత్తిన ఉన్న మనిషిగా, ఆ మాటలో సగమే నిజమని నేను చెప్పగలను. విమానంలోని ఇంటర్నెట్ మనం రాసినదాన్ని పంపడానికీ, మనకు కావలసినదాన్ని తెచ్చుకోవడానికీ బాగానే పనికివస్తుంది. నలుగురూ కలిసి మాట్లాడుకోవడానికి పనికిరాదు. ఈ తేడా తెలిసిన ఉద్యోగి ప్రయాణంలోనూ పని చక్కబెట్టుకుంటాడు. ఈ తేడా తెలియని మేనేజరు చేతి కింద పడినవాడికి పనీ సాగదు, కునుకూ దక్కదు.

ముందుగా ఈ సదుపాయం ఎంతవరకు వచ్చిందో చూడాలి. మన గగనతలంలో ఎగిరే విమానాల్లో ఇంటర్నెట్‌కు దారి తెరిచినవి 2018 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనలు. విమానం 3,000 మీటర్ల ఎత్తుకు చేరాకే సేవ మొదలుకావాలని అప్పట్లోనే పెట్టారు. 2020 మార్చిలో విమానయాన నిబంధనలను సవరించి, వైఫై ఉన్న విమానంలో ల్యాప్‌టాప్, ఫోను, ట్యాబ్ వంటివాటిని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వాడుకోవడానికి పైలట్ అనుమతి ఇవ్వవచ్చన్నారు. 2024 నవంబరులో వచ్చిన మరో సవరణ, ఎలక్ట్రానిక్ పరికరాల వాడకానికి విమానంలో అనుమతి ఇచ్చినప్పుడే వైఫై ద్వారా ఇంటర్నెట్ అందాలని స్పష్టం చేసింది. ఆ తరువాత 2025 జనవరి 1న ఎయిర్ ఇండియా దేశీయ సర్వీసుల్లోనూ వైఫైని ప్రకటించింది గాని, అప్పట్లో అది ఎయిర్‌బస్ ఏ350, బోయింగ్ 787-9 విమానాలకూ, కొన్ని ఏ321 నియో విమానాలకూ పరిమితం. అంటే మనకు ఇంటర్నెట్ దొరకడమూ దొరకకపోవడమూ ఆ రోజు ఏ రకం విమానం వచ్చి నిలబడుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మా విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో దిగే ఏటీఆర్ వంటి చిన్న విమానాల్లో ఆ ప్రసక్తే లేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని విమానాల్లో ఫోను తెరవగానే వైఫై పేరు కనిపిస్తుంది, కనెక్ట్ అవుతుంది కూడా. అయితే అది విమానంలోని సర్వరులో దాచిన సినిమాలూ పాటలూ చూపించే ఏర్పాటే తప్ప బయటి ప్రపంచంతో దానికి సంబంధం ఉండదు. ఆ పేరు చూసి మురిసిపోయి 'పైకెక్కాక ఫైలు పంపిస్తా'నని ఆఫీసుకు మాట ఇచ్చినవారు తరువాత చిక్కుల్లో పడతారు.

అసలు రేణిగుంట నుంచి హైదరాబాదుకు పోయే ప్రయాణంలో ఇంటర్నెట్ కోసం బాధపడనక్కరలేదన్నది నా అభిప్రాయం. ఎగిరేటప్పుడు ల్యాప్‌టాప్ తీయకూడదు, దిగేటప్పుడు మూసేయాలి. మధ్యలో మిగిలే కాస్త సమయంలో కాఫీ బండి వచ్చి పోవడానికే కొంత పోతుంది. ఆ మిగిలిన సమయంలో ఒక పత్రం శ్రద్ధగా చదవగలిగితే చాలు. ఇంటర్నెట్ లెక్కలోకి వచ్చేది చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఢిల్లీకీ, గల్ఫ్ మీదుగా అమెరికాకూ, యూరప్‌కూ పోయే పెద్ద ప్రయాణాల్లోనే.

అటువంటి విమానంలో కూడా కనెక్షన్ స్వభావం ఇంట్లోని ఫైబర్ కనెక్షన్ వంటిది కాదు. విమానం పైభాగంలో ఉబ్బెత్తుగా కనిపించే తొడుగు కింద ఒక యాంటెన్నా ఉండి ఉపగ్రహంతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటుంది. చాలా విమానాలు ఆధారపడే భూస్థిర ఉపగ్రహాలు (భూమితో సమంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేవి) భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మనం ఒక లింకు నొక్కితే ఆ అభ్యర్థన విమానం నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి భూమి మీది కేంద్రానికి పోవాలి. జవాబు మళ్లీ అదే దారిలో రావాలి. రానూ పోనూ కలిపి సుమారు 1,43,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయే రేడియో తరంగానికైనా ఇందుకు దాదాపు అర సెకను పడుతుంది, మధ్యలోని యంత్రాల ఆలస్యం దానికి అదనం. ఇది దూరం వల్ల వచ్చిన ఆలస్యం కాబట్టి ఎంత ఖరీదైన ప్యాకేజీ కొన్నా తగ్గదు. ఈమెయిలుకు అర సెకను ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. అదే మీటింగులో అయితే మీరు 'అవునండీ' అన్న మాట అవతలికి చేరేలోపు వాళ్లు రెండో ప్రశ్న మొదలుపెడతారు. మీ గొంతు వినపడగానే వాళ్లు ఆగుతారు, వాళ్ల గొంతు వినపడిందని మీరూ ఆగుతారు, కాసేపు నిశ్శబ్దం, ఆపైన ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు. పది నిమిషాలు ఇలా గడిస్తే క్లయింటు మర్యాదగా 'తరువాత మాట్లాడుకుందాం' అంటాడు.

ఆలస్యం ఒకటైతే, పంపకం ఇంకొకటి. విమానానికి అందే సామర్థ్యాన్ని అందులోని ప్రయాణికులందరూ పంచుకోవాలి. విమానాల్లో ఇంటర్నెట్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని ఇస్రో తయారుచేసిన జీశాట్-ఎన్2 ఉపగ్రహం సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు. వినడానికి పెద్ద అంకెగానే ఉన్నా, దాన్ని 32 కిరణ పుంజాలుగా విడదీసి దేశమంతటికీ పంచవలసి ఉంటుంది. (రాకెట్ ప్రయోగకేంద్రం ఉన్న శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో మన తిరుపతి జిల్లాలోకి వచ్చినా, ఈ ఉపగ్రహం మాత్రం 2024 నవంబరులో అమెరికా నుంచి ఫాల్కన్-9 రాకెట్ మీద పైకి వెళ్లింది, ఎందుకంటే 4,700 కిలోల బరువును అంత ఎత్తు కక్ష్య వైపు పంపే శక్తి అప్పటి మన ఎల్‌వీఎం-3 రాకెట్‌కు లేదు. సూళ్లూరుపేట దాకా పోయి రాకెట్ ప్రయోగాలు చూసి వచ్చే మా ఇంటివాళ్లకు ఇది కాస్త చివుక్కుమనిపించే సంగతి.) సముద్రాల మీద కొన్నిచోట్లా, ధ్రువాలకు దగ్గరి మార్గాల్లోనూ సంకేతం సరిగా అందదు, కొన్ని దేశాల గగనతలంలో అనుమతి లేక సేవ ఆగిపోతుంది. భూమికి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలతో ఈ ఆలస్యం చాలా తగ్గిందనీ, ఖతార్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబరు నుంచే వాటిని వాడుతున్నదనీ ఎవరైనా గుర్తుచేయవచ్చు. నిజమే. అక్కడ వీడియో మీటింగు సాంకేతికంగా సాధ్యమే. అయితే పక్క సీటులో ఉన్న పెద్దాయన మోచేతికి మోచేయి ఆనించుకుని, రాత్రంతా నిద్రలేక ఇప్పుడే కళ్లు మూసిన వేళ, గొంతెత్తి త్రైమాసిక లక్ష్యాలు చర్చించడం సాధ్యమా అన్నది ఉపగ్రహం ఎత్తుతో తేలే ప్రశ్న కాదు. వైఫై ఇచ్చే అనేక విమానయాన సంస్థలు అందులో వాయిస్ కాల్స్ వద్దని నియమం పెట్టుకున్నది కూడా ఇందుకే.

ఇక పంపడం, తెచ్చుకోవడం అన్న పనికైనా ఇంటి దగ్గర కొంత సిద్ధపడి బయలుదేరకపోతే లాభం లేదు. అందరినీ ఇబ్బంది పెట్టేది ఓటీపీ. మా బృందంలోని ఒక అబ్బాయి ఢిల్లీ నుంచి చెన్నైకి వస్తూ, విమానంలో వైఫై కలవగానే సంతోషంగా ఆఫీసు మెయిల్ తెరిచాడు. విమానం ఇంటర్నెట్ సాధారణంగా ఎక్కడో దూరాన ఉన్న కేంద్రం ద్వారా బయటకు పోతుంది కాబట్టి, కొత్త చోటి నుంచి ఎవరో లాగిన్ అవుతున్నారని కంపెనీ వ్యవస్థకు అనుమానం వచ్చి ఫోనుకు ఓటీపీ పంపింది. ఫోను చూస్తే ఫ్లైట్ మోడ్‌లో ఉంది, సిమ్‌కు సిగ్నల్ లేదు, ఎస్ఎంఎస్ రాదు. మళ్లీ పంపమని నొక్కాడు, మళ్లీ నొక్కాడు, చివరికి ఖాతా లాక్ అయింది. ఆ ఓటీపీలన్నీ చెన్నైలో రన్‌వే మీద చక్రాలు తాకిన కాసేపటికి వరసగా టింగుటింగుమని వచ్చి పడ్డాయి. ఎస్ఎంఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆ యాప్ చూపించే అంకెలు, ఫోనులో ముందే దాచిన రహస్య సంఖ్యనూ గడియారంలోని సమయాన్నీ కలిపి ఫోనులోనే లెక్కకట్టినవి. ముప్పై సెకన్లకొకసారి మారుతూ ఉంటాయి, వాటికి నెట్‌వర్క్‌తో పని లేదు. దానికి తోడు కంపెనీ ఇచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే నిశ్చింత.

వైఫై పేజీ దగ్గర కూడా చిన్న చిన్న అడ్డంకులున్నాయి. కొన్ని సంస్థల పేజీ పీఎన్ఆర్ నంబరుతో పాటు ఇంటిపేరు అడుగుతుంది. మన తెలుగువాళ్ల టికెట్లలో ఇంటిపేరు ఒక్కోసారి ముందు గడిలో, ఒక్కోసారి చివరి గడిలో, ఇంకోసారి ఉత్త పొడి అక్షరంగా పడి ఉంటుంది కాబట్టి, టికెట్‌లో చివరి పేరుగా ఏది అచ్చయిందో ముందే చూసుకుంటే ఆ గడి దగ్గర తడుముకోవలసిన అవసరం రాదు. మన సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా కప్పి ఆఫీసుకు చేర్చే వీపీఎన్ ముందే నడుస్తూ ఉంటే ఆ పేజీ అసలు తెరుచుకోకపోవచ్చు; దాన్ని ఆపి, పేజీలో లాగిన్ అయ్యాకే మళ్లీ పెట్టాలి. వీపీఎన్ పెట్టగానే వేగం ఇంకా తగ్గినట్లు అనిపించడానికి కారణముంది: ఉపగ్రహ ఆలస్యాన్ని కొంత కప్పిపుచ్చడానికి దారి మధ్యలో ఉంచిన యంత్రాలు, వీపీఎన్ కప్పేసిన సమాచారాన్ని చూడలేక తమ పని చేయలేవు. అలాగని పాస్‌వర్డు లేని వైఫైలో వీపీఎన్ లేకుండా ఆఫీసు ఫైళ్లు తెరవమని నేను చెప్పను. నెమ్మదిగా పోయినా ఫరవాలేదు. ఫోటోలు తమంతట తామే క్లౌడ్‌కు ఎక్కడం, ల్యాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్లు దించుకోవడం మాత్రం బయలుదేరే ముందే ఆపేయాలి. లేకపోతే కొన్న డేటా మనం ఒక్క ఉత్తరం పంపకముందే ఖర్చయిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక ఏ పని చేయాలి? నా అనుభవంలో విమానంలో బాగా సాగేవి ఒంటరిగా చేసుకునే పనులే. వారాల తరబడి పక్కన పెట్టిన పెద్ద పత్రం చదవడం, ప్రతిపాదన రాయడం, తోటివాళ్లు రాసిన కోడ్‌ను ముందే దించుకుని పరిశీలించడం వంటివి అక్కడ ఇంట్లో కంటే బాగా జరుగుతాయి, ఎందుకంటే అక్కడ తలుపు కొట్టేవారు లేరు, కొరియర్ రాదు, కుక్కర్ విజిల్ లెక్కపెట్టనక్కరలేదు. కోడ్ రాసేవారికి, చేసిన మార్పులను వరసగా దాచిపెట్టే గిట్ అన్న సాధనం ఉండనే ఉంది. ఇంటర్నెట్ లేకుండానే ఎన్ని మార్పులైనా భద్రపరచుకుని, కనెక్షన్ దొరికినప్పుడు ఒక్కసారిగా పంపవచ్చు. నేను పాటించే పద్ధతి కూడా అదే: సీటు బెల్టు దీపం ఆరిపోయాక కాసేపు కనెక్ట్ అయి, వచ్చిన ఉత్తరాలు దించుకుని, వైఫై ఆపేసి పనిచేసుకోవడం, దిగడానికి ముందు మళ్లీ కనెక్ట్ అయి, రాసిన జవాబులన్నీ పంపడం. మధ్యలో వైఫై వదిలేసి ఉంచితే చాట్ సందేశాలకు జవాబులివ్వడంతోనే ప్రయాణం అయిపోతుంది. పలువురు ఒకేసారి సవరించే షీట్లను మాత్రం ముట్టుకోను. తెగుతూ అతుకుతూ ఉండే కనెక్షన్‌లో ఎవరి మార్పు నిలిచిందో తేల్చడానికి మర్నాడు ఒక పూట పోతుంది. సర్వర్‌లోకి లాగిన్ అయి పనిచేసేవారు టీమక్స్ వంటి సాధనం లోపలి నుంచి చేస్తే, కనెక్షన్ తెగినా మొదలుపెట్టిన పని ఆగిపోదు. కానీ వాడుకలో ఉన్న వ్యవస్థకు కొత్త వెర్షన్ ఎక్కించడం వంటి పని ఏ సాధనం ఉన్నా ఆకాశంలో చేయవద్దు. మధ్యలో సిగ్నల్ పోతే సగం ఎక్కిన వెర్షన్‌ను చూస్తూ కింద వందమంది కంగారు పడతారు, దాన్ని సరిచేయవలసిన మనిషి మాత్రం అరేబియా సముద్రం మీద ఉంటాడు.

సీటు సంగతి కూడా చెప్పాలి. ఎకానమీ తరగతిలో ముందువారు సీటు వెనక్కి వాల్చగానే ల్యాప్‌టాప్ తెర ముందు సీటు అంచుకు తగులుకుని వంగిపోతుంది. మోచేతులు డొక్కలకు ఆనించుకుని టైపు చేయవలసి వస్తుంది. తెర మీద ఏముందో పక్క సీటువారికి పూర్తిగా, నడవకు అవతలివారికి సగం కనపడుతుంది. ఆసుపత్రుల రికార్డులు, బ్యాంకు ఖాతాదారుల వివరాలు చూసే ఉద్యోగాలు చేసేవారు మా ఊళ్లోనే చాలామంది ఉన్నారు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిన దేశంలో, నలుగురి మధ్య అటువంటి తెర తెరవమని ఉద్యోగిని పరోక్షంగానైనా ఒత్తిడి చేసే సంస్థ తన మెడకు తానే ఉచ్చు బిగించుకుంటున్నట్టు. పక్కవారికి కనపడకుండా చేసే ఫిల్టరు పెద్ద ఖరీదేమీ కాదు, కంపెనీయే కొనివ్వవచ్చు. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదనీ, చేతి సంచిలోనే ఉంచుకోవాలనీ, దాని సామర్థ్యం 100 వాట్-అవర్ లోపు ఉంటేనే ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకుపోవచ్చనీ ఇప్పటికీ తెలియక, కౌంటర్ దగ్గర పెట్టెలు విప్పి బట్టలన్నీ బయట వేసేవారిని ప్రతిసారీ చూస్తున్నాను.

నా అసలు ఫిర్యాదు వైఫై మీద కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని పెరుగుతున్న ఆశల మీద. మునుపు విమానం ఎక్కుతున్నానంటే ఆ కొన్ని గంటలు అడిగేవారు ఉండేవారు కాదు. ఇప్పుడు 'వైఫై ఉంటుందిగా, ఒక్క అరగంట కలవండి' అంటున్నారు. కలవకపోతే కావాలనే తప్పించుకున్నట్టు మాట్లాడుతున్నారు. తిరుపతివాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. తిరుమలలో ఫోను కౌంటర్‌లో అప్పగించి దర్శనం క్యూలోకి వెళ్లినవాళ్లు బయటకు వచ్చేదాకా ఎవరికీ దొరకరు, ఎన్ని గంటలు పడుతుందో కూడా చెప్పలేరు. 'దర్శనానికి వెళ్తున్నాను, ఫోను ఉండదు' అని ముందు రోజు ఒక్క మాట చెబితే హైదరాబాదు ఆఫీసూ, అమెరికా క్లయింటూ కూడా మారుమాట్లాడకుండా ఒప్పుకుంటారు, అత్యవసరమైతే ఎవరిని అడగాలో ఏర్పాటు చేసుకుంటారు. అదే గౌరవం విమాన ప్రయాణానికీ ఇవ్వడానికి ఏమి అడ్డం? పని గంటల తరువాత ఉద్యోగి అందుబాటులో ఉండనక్కరలేదన్న హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టంలో పెట్టుకున్నాయి. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేకుండానే, విమానం ఎగిరే సమయాన్ని క్యాలెండర్‌లో 'అందుబాటులో లేరు' అని గుర్తుపెట్టి, ఆ సమయంలో జవాబు వస్తే అదనపు లాభంగా చూసుకోవడం ప్రతి టీమ్ లీడ్ చేతిలో ఉన్న పని. మా బృందంలో అలాగే చేస్తున్నాం, పనులేవీ ఆగిపోలేదు.

మీటింగులో తప్పనిసరిగా మాట్లాడవలసిన రోజైతే దానికి సరైన చోటు నేల మీదే ఉంది. విదేశీ ప్రయాణానికి తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై విమానాశ్రయానికి కారులో గంటల ప్రయాణం ఉంటుంది. డ్రైవరు బండి నడుపుతుంటే వెనక సీటులో కూర్చున్నవారికి దారిలో చాలామేర సిగ్నల్ దొరుకుతుంది, మాటలో ఆలస్యం ఉండదు, గొంతు తగ్గించుకోనక్కరలేదు. విమానాశ్రయంలో భద్రతా తనిఖీ ముగిశాక గేటు తెరిచేదాకా ఉండే ఖాళీ సమయం కూడా అటువంటిదే. విమానంలో వైఫై గురించి ఇంత ఉత్సాహపడే సంస్థలు, ఉద్యోగి కాస్త ముందుగా బయలుదేరి గేటు దగ్గర మీటింగు ముగించుకునేలా టికెట్ సమయం ఎంచుకోనిస్తే ఎక్కువ పని జరుగుతుంది. చవకైన టికెట్ కోసం అర్ధరాత్రి విమానం ఎక్కించి, పైన వైఫైకి డబ్బు చెల్లించి, పొద్దున్నే మీటింగుకు రమ్మనడంలో మిగులు ఎక్కడుందో నాకు అర్థం కాదు.

విమానయాన సంస్థలను అడగవలసింది ఒకటుంది. టికెట్ కొనేటప్పుడు సామాను ఎన్ని కిలోలు, భోజనం ఏమిటి, కాళ్లు చాపుకునే సీటుకు ఎంత అదనం అన్నవన్నీ వరసగా చూపిస్తారు. ఆ పక్కనే ఈ విమానంలో ఇంటర్నెట్ ఉందా, ఉంటే సందేశాలకు మాత్రమేనా, ఈమెయిలు, ఫైళ్లకు కూడానా, సీటు దగ్గర ఛార్జింగ్ సాకెట్ ఉందా అన్న వివరాలు కూడా స్పష్టంగా చూపించాలి. చివరి నిమిషంలో విమానం మారితే ఆ మార్పును గేటు మారినప్పుడు పంపినట్టే సందేశంగా పంపాలి. పౌర విమానయాన శాఖ దీన్ని సూచనగా కాక తప్పనిసరిగా పెడితే, ప్రయాణంలో ఏ పని పెట్టుకోవాలో ఉద్యోగులూ, ఏ పని అడగకూడదో మేనేజర్లూ బుకింగ్ రోజునే తేల్చుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక ఐటీ ఉద్యోగిని,
కొర్లగుంట, తిరుపతి